అప్‌డేట్: ఉద్యోగం మానకుండానే ఎంబీఏలో చేరాను

సేల్స్ ఉద్యోగం చేస్తూ ఎంబీఏ చదవడం కుదురుతుందా అని అడిగాను కదా, సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో చేరాను. రెండేళ్ల కోర్సే అయినా నాలుగేళ్ల దాకా గడువుంది, నాకు నచ్చింది అదే. టార్గెట్ల టెన్షన్ ఉన్న నెలల్లో పుస్తకం ముట్టను. పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో.

అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం వెయిటేజీ. అసైన్‌మెంట్లే కదా అని తేలిగ్గా తీసుకోకండి, చేత్తో రాసేసరికి వేళ్లు పీకుతాయి! పాఠాలు ఇగ్నో వాళ్ల ఆన్‌లైన్ లైబ్రరీ ఈజ్ఞాన్‌కోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి, బస్సులో ఫోన్‌లోనే చదువుతున్నా. అకౌంటింగ్ మాత్రం అలా బుర్రకెక్కదు, కాగితం మీద లెక్క చేయాల్సిందే.

ప్రమోషన్‌కి పనికొస్తుందా అని అడిగినవాళ్లకు: మా హెచ్‌ఆర్ ఇంకా ఏమీ తేల్చలేదు.