గేట్‌వే వివరాలు సీఎల్‌ఐలో (కమాండ్లు టైప్ చేసే చోట) అడిగితే "దొరకలేదు" అంటోంది, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ప్రశ్న

అందరికీ నమస్కారం. అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్ ఐఓటీ కోర్‌లో ఉన్న 14 లోరావ్యాన్ గేట్‌వేలు (సెన్సర్ల రేడియో సిగ్నల్ అందుకుని క్లౌడ్‌కి పంపే పెట్టెలు) నా చేతికొచ్చి మూడు వారాలైంది. ఇంతకుముందు చూసినాయన ఉద్యోగం మారి వెళ్లిపోయారు, రాసిపెట్టిన కాగితం ఒక్కటీ లేదు.

నీళ్ల ట్యాంకు మీదున్న గేట్‌వే దగ్గర పోయిన వారం 9 సెన్సర్లు మార్చాం. కొత్తవి వేరే కంపెనీవి. వాటిలో ఒక్కదాని నుంచి కూడా రీడింగ్ రావట్లేదు. చుట్టుపక్కల పాతవాటివి వస్తున్నాయి గానీ, వాటిని పక్క గేట్‌వే అందుకుంటోందేమో చెప్పలేను. అందుకే ముందు ఈ గేట్‌వే సంగతి తేల్చుకుందామని నిచ్చెనెక్కి లేబుల్ ఫొటో తీసుకొచ్చాను. దాని మీదున్న 16 అక్షరాల ఈయూఐతో (పరికరాన్ని గుర్తించే ప్రత్యేక నంబరు) ఇలా అడిగాను:

ఏడబ్ల్యూఎస్ ఐఓటీవైర్‌లెస్ గెట్-వైర్‌లెస్-గేట్‌వే --ఐడెంటిఫైయర్ (ఆ ఈయూఐ) --ఐడెంటిఫైయర్-టైప్ గేట్‌వేఈయూఐ

రిసోర్స్-నాట్-ఫౌండ్ అని ఎర్రర్ వచ్చింది. టైప్ దగ్గర థింగ్‌నేమ్ అని మార్చి, ఇక్కడ అందరూ దానికి వాడే "ట్యాంక్-3" అనే పేరు ఇచ్చాను. మళ్లీ అదే ఎర్రర్. ఎవరైనా దీన్ని డిలీట్ చేసేశారేమోనని చాలా టెన్షన్‌గా ఉంది. నాకున్నది చూసే అనుమతి మాత్రమే, అదీ సీఎల్‌ఐలోనే.

జవాబు 1

కంగారు పడకండి. అనుమతి లేకపోతే యాక్సెస్ డినైడ్ అని వచ్చేది. నాట్ ఫౌండ్ వచ్చిందంటే మీ కీలు (లాగిన్ వివరాలు) పనిచేస్తున్నాయి, మీరు వెతుకుతున్న చోట అది లేదు, అంతే.

ముందు రీజియన్ (ఏడబ్ల్యూఎస్ సర్వర్లున్న ప్రాంతం) చూడండి. గేట్‌వేని ఏ రీజియన్‌లో నమోదు చేశారో అక్కడే కనిపిస్తుంది, మరో రీజియన్‌లో అడిగితే అసలు లేనట్టే చెబుతుంది. "ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగర్ లిస్ట్" కొడితే మీ టెర్మినల్ ఇప్పుడు ఏ రీజియన్ వాడుతోందో, ఆ విలువ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. తప్పయితే కమాండ్ చివర --రీజియన్ అని సరైనది ఇవ్వండి.

ఇంకోటి. గేట్‌వే పేరు వేరు, థింగ్ (ఐఓటీ కోర్‌లో పరికరం పేరిట ఉండే రికార్డు) పేరు వేరు. ఈ కమాండ్ మూడింటినే గుర్తుపడుతుంది: వైర్‌లెస్‌గేట్‌వేఐడీ, గేట్‌వేఈయూఐ, థింగ్‌నేమ్. గేట్‌వేని ఏదైనా థింగ్‌కి జతచేసి ఉంటేనే మూడోది పనికొస్తుంది. మీరు పిలుచుకునే పేరుతో అడిగితే దొరకదు.

జవాబు 2

పైన చెప్పింది సరైనదే. నేనైతే లేబుల్‌ని నమ్ముకోను. ఎండకి, వానకి ఆ అక్షరాలు నిలవవు. నిచ్చెన ఎక్కక్కర్లేదు, లిస్ట్-వైర్‌లెస్-గేట్‌వేస్ కొట్టి మొత్తం జాబితా తెప్పించుకోండి. అందులో "ట్యాంక్-3" అనే పేరు కళ్లతోనే వెతికి పట్టుకుని, దాని పక్కనున్న ఐడీ కాపీ చేసి, టైప్ వైర్‌లెస్‌గేట్‌వేఐడీ అని పెట్టి అడగండి. ఐడీతో అడిగితే తేడా రాదు.

ఇక అసలు సంగతి. గెట్ కమాండ్ చెప్పేది మనం నమోదు చేసిన వివరాలే. గేట్‌వే కరెంటు తీసేసి మూల పడేసినా ఆ వివరాలు అలాగే వస్తాయి. బతికుందో లేదో తెలియాలంటే గెట్-వైర్‌లెస్-గేట్‌వే-స్టాటిస్టిక్స్ అడగాలి. అందులో కనెక్షన్‌స్టేటస్, లాస్ట్‌అప్‌లింక్‌రిసీవ్డ్‌ఎట్ (అప్‌లింక్, అంటే సెన్సర్ పంపిన సందేశం, చివరిసారి అందిన టైమ్) అని రెండు విలువలు చూడండి. ఆ టైమ్ యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంటుంది, మీ గడియారంతో పోల్చి చూసి పాతదని భయపడొద్దు.

కనెక్ట్ అయ్యే ఉంటే మళ్లీ గెట్ అవుట్‌పుట్‌కే వచ్చి, లోరావ్యాన్ అనే భాగం నిదానంగా చదవండి. ఆర్‌ఎఫ్‌రీజియన్, జాయిన్‌ఈయూఐఫిల్టర్స్, నెట్‌ఐడీఫిల్టర్స్ అక్కడే ఉంటాయి. సెన్సర్లు వేరే కంపెనీవి అన్నారు కదా, నా అనుమానం జాయిన్ ఫిల్టర్ (ఏ సెన్సర్ల చేరిక రిక్వెస్టులను గేట్‌వే ముందుకు పంపాలో చెప్పే పరిధి) మీదే.

అడిగినవారు

దొరికింది! ఇద్దరికీ చాలా థాంక్స్.

రీజియన్ తప్పే. పాత ప్రాజెక్టు రీజియన్ నా కాన్ఫిగ్ ఫైల్‌లో డిఫాల్ట్‌గా ఉండిపోయింది. అది సరిచేశాక కూడా ఈయూఐతో రాలేదు. జాబితాలో చూస్తే, ఫొటోలో నేను 8 అనుకున్న ఏడో అక్షరం నిజానికి బి. పెద్దది చేసి చూసినా ఇప్పటికీ నాకు 8 లాగే కనిపిస్తోంది.

ఐడీతో స్టాటిస్టిక్స్ అడిగితే కనెక్టెడ్ అనే వచ్చింది, చివరి అప్‌లింక్ నాలుగు నిమిషాల కిందటిది. అంటే గేట్‌వే నిక్షేపంలా ఉంది, పాత సెన్సర్ల మాట వింటూనే ఉంది. అప్పుడు లోరావ్యాన్ భాగం చదివాను. జాయిన్‌ఈయూఐఫిల్టర్స్‌లో ఒకే ఒక పరిధి ఉంది, మొదలు, చివర రెండూ పాత కంపెనీ నంబర్లే. కొత్త సెన్సర్ల పెట్టె మీదున్న జాయిన్ ఈయూఐ (నెట్‌వర్క్‌లో చేరేటప్పుడు సెన్సర్ పంపే నంబరు) ఆ పరిధిలోకి రాదు. పాపం అవి వారం నుంచీ జాయిన్ రిక్వెస్ట్ పంపుతూనే ఉన్నాయి, గేట్‌వే దగ్గరే ఆగిపోతున్నాయి. నెట్‌వర్క్‌లో ముందే చేరిపోయిన పాతవాటికి ఆ ఫిల్టర్‌తో పనిలేదు, అందుకే వాటి రీడింగులు ఆగలేదు.

మార్చే అనుమతి ఉన్న సహోద్యోగిని పక్కన కూర్చోబెట్టుకుని అప్‌డేట్-వైర్‌లెస్-గేట్‌వేతో పాత పరిధి, కొత్త పరిధి రెండూ కలిపి ఇచ్చాం. తర్వాత గేట్‌వేని ఒకసారి రీస్టార్ట్ చేశాం. 9 సెన్సర్లలో 8 చేరాయి. తొమ్మిదోదాని బ్యాటరీ తీగ ఊడిపోయి ఉంది, అది వేరే సంగతి.

జవాబు 2

మంచిది. మిగతా 13 గేట్‌వేల అవుట్‌పుట్లు కూడా ఒక్కో ఫైల్‌గా సేవ్ చేసి పెట్టుకోండి. మీ తర్వాత వచ్చేవాళ్లకి కనీసం ఆ కాగితమైనా ఉంటుంది.

అడిగినవారు

ఇప్పుడే చేశాను. ఇంకో రెండింటిలో కూడా అదే ఫిల్టర్ ఉంది. అక్కడ సెన్సర్లు మార్చేది వచ్చే నెల కాబట్టి ముందుగానే పరిధి కలిపేయిస్తున్నాను.