ఉగాది వాలంటీర్లు: ఇంగ్లిష్ పాటల అరగంట ఎవరు చూస్తారు?

కల్చరల్: అందరికీ నమస్కారం. ఇక్కడి క్వాయర్ వాళ్లు మన ఉగాదికి పాడడానికి ఒప్పుకున్నారు. అరగంట, అన్నీ 1600ల నాటి పాటలే. ముఖ్యమైనది హెన్రీ పర్సెల్ ఒపెరా (పాటలతోనే నడిచే నాటకం) 'డైడో అండ్ ఈనియస్'లో రాణి డైడో ఆఖరి పాట. చివర్లో ఒకటి మన పిల్లలతో కలిసి పాడతారు.

భోజనాలు: రాణి చనిపోతూ పాడేదేనా? పండగ పూట ఏడుపు పాటేంటమ్మా?

కల్చరల్: హరిశ్చంద్ర కాటి సీను పద్యాలకి వన్స్ మోర్ కొట్టింది మనమే కదా బాబాయ్ గారూ! ఇది 1689 నాటికే లండన్ చెల్సీలో ఆడపిల్లల బడిలో ఆడిన ఒపెరా. భోజనాల ముందు పెట్టి, వెంటనే పిల్లల్ని స్టేజి ఎక్కిద్దాం.

వీణ క్లాసు: నేనూ రిహార్సల్‌కి వెళ్లాను. పాట కన్నా కింద మోగే సెల్లో (వయొలిన్ లాంటి పెద్ద వాద్యం) మీదే నా చెవి పడింది. షడ్జం నుంచి పంచమానికి దిగుతుంది: కాకలి నిషాదం, కైశికి నిషాదం, చతుశ్రుతి ధైవతం, శుద్ధ ధైవతం, మధ్యలో ఉన్న మెట్టు ఒక్కటీ వదలదు. మొత్తం ఐదు బార్లు (వాళ్ల తాళం గళ్లు), అదే మళ్లీ మళ్లీ. పైన గొంతు మాత్రం ఆ ఆవర్తనం ముగిసిన చోట ఆగదు, దాటి వెళ్లిపోతుంది. అక్కడ నాకు కళ్లలో నీళ్లొచ్చాయి.

సౌండ్: అక్కా, ఆ నీళ్లు శ్రుతిపెట్టె వల్లేమో! ఆపడం మర్చిపోయింది నేనే. షడ్జం మోగుతుండగా పక్కన కాకలి నిషాదం పడేసరికి సెల్లో ఆవిడ మొహం చూడాలి. ఆ రోజు దాన్ని కారులోనే ఉంచుతా. ఇంకోటి, వాళ్ల హార్ప్సికార్డ్ (పియానో లాంటి పాతకాలపు వాద్యం) శ్రుతి 415 హెర్ట్జ్, మన కీబోర్డ్ 440. దాదాపు అర స్వరం తేడా. పిల్లల పాటకి కీబోర్డ్‌లో ట్రాన్స్‌పోజ్ మైనస్ ఒకటి పెట్టాలి, ఎవరైనా గుర్తు చేయండి. హాల్ వెనక ఫ్రిజ్ కూడా ఆపాలి, గుయ్యిమంటోంది.

పిల్లలు: మాకిచ్చింది 'త్రీ బ్లైండ్ మైస్'. నర్సరీ పాటే కదా అనుకున్నా. 1609లో థామస్ రావెన్స్‌క్రాఫ్ట్ అచ్చు వేయించిన పుస్తకంలోనే ఉందట! మూడు గుంపులు కావాలి. ఒకరు మొదటి లైను ముగించగానే రెండోవారు మొదటి నుంచి ఎత్తుకోవాలి. మా చిన్నవాళ్లు పక్క గుంపు లైనులోకి జారిపోతున్నారు, అందుకే చెవులు మూసుకోమని పాడిస్తున్నా. ఒక్కటే టెన్షన్: పాత మాటల్లో మిల్లర్ పెళ్లాం బోటి గీకుతుంది.

భోజనాలు: ఉగాది స్టేజి మీద బోటా! ఇప్పటి మాటలే పాడించు తల్లీ. అందులో ఎలుకల తోకలు కోస్తే కోయనీ.

కల్చరల్: సరే. తలుపు దగ్గర ఇద్దరు కావాలి, పాట మధ్యలో ఎవరూ లోపలికి రాకుండా. బాబాయ్ గారూ, రాణి పాడినంతసేపూ పులిహోర గిన్నెల మూతలు తీయించకండి.

భోజనాలు: మూతలు నా పూచీ. ఫ్రిజ్ ఆపితే మాత్రం పెరుగు ఎక్కడ పెట్టాలో చెప్పండి.