మొదటి కాన్పు, చేతిలో పదివేలు: బిడ్డకు నిజంగా ఏమేమి కొనాలి?

ప్రశ్న: జనగామ ఆడపడుచు

అందరికీ నమస్కారం. నాకు ఇప్పుడు ఏడో నెల నడుస్తోంది, ఆగస్టులో కాన్పు అవుతుందని డాక్టరుగారు చెప్పారు. మా ఆయన ఒక చిన్న ప్రైవేటు సంస్థలో పనిచేస్తారు. హైదరాబాదులో మేముంటున్నది ఒక గది, ఒక వంటిల్లు ఉన్న అద్దె ఇల్లు. మొదటి కాన్పు కనుక పుట్టింటికి, జనగామకు వెళ్తున్నాను. పురుడు అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలోనే పోసుకోవాలని అనుకున్నాం. బిడ్డకు మూడో నెల వచ్చాక హైదరాబాదుకు తిరిగి వస్తాను.

బిడ్డ వస్తువుల కోసం మేము పక్కన పెట్టగలిగినది పదివేల రూపాయలు. పిల్లల సామాను అమ్మే ఒక పెద్ద దుకాణంలో అడిగితే మంచం, పరుపు, ఆవాల దిండు, పాలసీసాలు, వాటిని ఆవిరిపట్టే యంత్రం, స్నానపు తొట్టి, తోపుడు బండి, వాకరు అంటూ ఒక పొడవాటి చీటీ రాసిచ్చారు. అవన్నీ కొనాలంటే మా ఆయన నెల జీతం మొత్తం పెట్టినా చాలదు. మా అమ్మేమో బిడ్డ పుట్టకముందు ఒక్క గుడ్డముక్క కూడా కొనకూడదని, ఇంట్లో ఉన్న పాత చీరలే చాలని అంటోంది. దుకాణంవారి చీటీని పూర్తిగా నమ్మలేకపోతున్నాను, అలాగని పొదుపు పేరుతో బిడ్డకు నిజంగా కావలసినది ఏదైనా తప్పిపోతుందేమోనన్న భయమూ వదలడం లేదు. పైగా అది వానాకాలం, ఉతికిన బట్టలు ఆరవు. ఏవి ముందుగా సిద్ధం చేసుకోవాలో, ఏవి తర్వాత చూసుకోవచ్చో, ఏవి అసలు అక్కర్లేదో పిల్లల్ని పెంచినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: ఓరుగల్లు నర్సమ్మ

అమ్మా, ప్రసూతి వార్డులో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైనదాన్ని, బాలింతలు తెచ్చుకునే సంచుల్లో ఏది వాడతారో, ఏది విప్పకుండానే ఇంటికి తీసుకుపోతారో దగ్గరుండి చూశాను. మీ అమ్మగారి మాటను ఆచారంగా పాటించకపోయినా లెక్క కోసమైనా పాటించండి. బిడ్డ పుట్టినప్పటి బరువు సుమారు అయిదో నెలకు రెట్టింపవుతుంది, ఏడాది నిండేసరికి దాదాపు మూడింతలవుతుంది. ఇంత వేగంగా పెరిగే ఒంటికి ముందుగా కొన్న బట్టల్లో సగం తొడగకుండానే బిగుతైపోతాయి. పైగా బారసాలకు వచ్చే చుట్టాలు తెచ్చేవి ఎక్కువగా బట్టలే. కాబట్టి ముందు మూడు నెలలకు కావలసినవే ఇప్పుడు చూసుకోండి, మిగిలినవి బిడ్డను చూసి కొనుక్కోవచ్చు.

ముందు పాల సంగతి చెబుతాను, ఎందుకంటే మీ చీటీలో డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, మన ఆసుపత్రుల్లోనూ అదే చెబుతాం. ఆ మాట ప్రకారం నడిస్తే సీసాలు, వాటి రబ్బరు పీకలు, తోమే బ్రష్షులు, ఆవిరిపట్టే యంత్రం అన్నీ చీటీలోంచి ఒకేసారి పోతాయి. పాలపొడికీ పాలసీసాలకూ ప్రకటనలివ్వడాన్ని, తల్లులకు ఉచితంగా నమూనాలు పంచడాన్ని మన దేశంలో 1992 నాటి చట్టం నిషేధించింది, అంత చట్టం అవసరమయ్యిందంటే సీసా వల్ల ఎందరు పసిపిల్లలు విరేచనాలపాలయ్యారో ఊహించుకోండి. బిడ్డ తక్కువ బరువుతో పుట్టి రొమ్ము పట్టలేకపోతే పాలు పిండి స్టీలు ఉగ్గుగిన్నెతో పట్టిస్తాం. ఆ గిన్నెను నీళ్లలో వేసి పది నిమిషాలు మరిగించడానికి మీ ఇంట్లో ఉన్న గిన్నే చాలు. డాక్టరు రాసిస్తే తప్ప పాలపొడి డబ్బా కొనవద్దు.

ఇక లంగోటీల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తుంది, దానికితోడు పాలు తాగినప్పుడల్లా విరేచనం చేసే పిల్లలూ ఉంటారు. ఎండాకాలమైతే పాతిక, ముప్ఫై లంగోటీలతో సరిపోతుంది. మీకు ముసురు పట్టే రోజులు కాబట్టి నలభై దాకా ఉంచుకోండి. వీటిలో ఒక్కటి కూడా కొననక్కర్లేదు. బాగా ఉతికి మెత్తబడ్డ నూలు పంచెలు, నేత చీరలు తీసుకుని జరీ అంచును, గట్టి అంచును ముందుగా కత్తిరించి పారేయండి, అవి తొడల సందున ఒరుసుకుని చర్మం ఎర్రబడుతుంది. మిగిలిన గుడ్డను మూరెడు చదరంగా కోసి, దర్జీ దగ్గర అంచులు మడిచి కుట్టించండి. అంచు కుట్టకపోతే దారప్పోగులు ఊడతాయి, ఆ పోగు బిడ్డ కాలివేలికి చుట్టుకుని బిగిస్తే వేలు వాచి రక్తం ఆడకుండా పోతుంది. చేతి తొడుగులు, కాలి మేజోళ్లు ఎవరైనా ఇస్తే తొడిగే ముందు ప్రతిసారీ లోపలివైపు తిప్పి పోగులున్నాయేమో చూడండి. బిడ్డ కారణం తెలియకుండా గుక్కపట్టి ఏడుస్తుంటే మొదట కాలివేళ్లు, చేతివేళ్లు విప్పి చూడాలని మేము కొత్త నర్సులకు కూడా చెప్పేవాళ్లం. లంగోటీలు పోగా పొత్తిళ్లకు నాలుగు పెద్ద పాత చీర ముక్కలు, ముందువైపు ముడివేసే మెత్తటి జుబ్బాలు ఆరు, వానకు ఒక టోపీ ఉంటే చాలు. తలమీదుగా తొడిగే బట్టలు మెడ నిలిచేదాకా వద్దు.

పడకకు మంచం అక్కర్లేదు. గట్టిగా, చదునుగా ఉన్న చోట పలచని బొంత, దానిమీద మెడికల్ షాపులో మీటరు లెక్కన అమ్మే రబ్బరు షీటు, దానిపైన నూలు గుడ్డ వేసి బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి. ఆవాల దిండు తలను గుండ్రంగా చేస్తుందని చాలామంది నమ్ముతారు కానీ పసిబిడ్డ పక్కలో ఏ దిండూ ఉండకూడదు, మొహం అందులో కూరుకుపోతే తిప్పుకునే బలం ఆ ఒంటికి ఉండదు. తల ఒకవైపే చదునవకుండా ఒక పూట కుడికి, ఒక పూట ఎడమకు తిప్పండి, మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్లముందు కాసేపు బోర్లా వేయండి. గొడుగులా మడిచే దోమతెర మాత్రం తప్పకుండా కొనండి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో డెంగీ ఎక్కువ, పసిబిడ్డ ఒంటికి దోమల మందు పూయడానికి వీల్లేదు.

తెలంగాణలో 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్‌లో తల్లికి చీరలు, బిడ్డకు దోమతెర, బట్టలు, సబ్బు, నూనె ఇచ్చేవాళ్లం. మీరు వెళ్లే ఆసుపత్రిలో ఇప్పుడు ఏమిస్తున్నారో మీ ఆశ కార్యకర్తను అడిగి, ఆ తర్వాతే దోమతెరకు డబ్బు పెట్టండి. 2011లో కేంద్రం మొదలుపెట్టిన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పుకు, ఆపరేషనైనా సరే, మందులకు, ఇంటికి చేర్చే బండికి పైసా కట్టనక్కర్లేదు. పుట్టగానే వేసే బీసీజీ, పోలియో, హెపటైటిస్ బీ టీకాలు, ఆపైన ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు కూడా ఉచితమే. ఆసుపత్రిలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డును జాగ్రత్త చేయండి, హైదరాబాదుకు వచ్చాక అక్కడి బస్తీ ఆరోగ్య కేంద్రంలో అది చూపిస్తే చాలు.

పౌడరు, కాటుక, గ్రైప్ వాటరు కొనవద్దు. పౌడరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కాటుకలో సీసం ఉండవచ్చు, గ్రైప్ వాటరు వల్ల ఒరిగేది లేదు. బొడ్డుకు ఏమీ రాయకుండా పొడిగా ఉంచితే చాలు.

జవాబు: బోడుప్పల్ నాన్న

నర్సమ్మగారు చెప్పినదంతా విలువైనదే. అయితే ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. నలభై లంగోటీలకు డబ్బు ఖర్చు కాదన్నది నిజమే కానీ, వాటిని రోజూ నానబెట్టి, ఉతికి, వానలో వరండాకూ ఇంటికీ మధ్య తిప్పి ఆరబెట్టేది ఎవరన్న లెక్క కూడా వేసుకోవాలి. ఆపరేషనైన బాలింత కొన్ని వారాలపాటు వంగకూడదు, బరువులెత్తకూడదు. అప్పుడా పని మొత్తం అమ్మమ్మ నడుముమీద పడుతుంది. ఆ శ్రమను లెక్కలోకి తీసుకోని పొదుపు ఇంట్లో ఆడవాళ్లు చెల్లించే పొదుపు అవుతుందని నా గట్టి నమ్మకం.

అందుకని రాత్రిపూటకు, టీకాలకు వెళ్లే ప్రయాణాలకు డైపర్లు పెట్టుకోమని నా సలహా. పగలంతా లంగోటీలు వాడి రాత్రికి ఒకటి, మహా అయితే రెండు డైపర్లు వాడితే నెల ఖర్చు అదుపులోనే ఉంటుంది, తల్లికి తెగని నిద్ర కొంచెమైనా దొరుకుతుంది. అప్పుడే పుట్టిన పిల్లల సైజులో పెద్ద ప్యాకెట్ ఎంత తగ్గింపు ధరకు వచ్చినా కొనవద్దు, చిన్న ప్యాకెట్ కొని చూడండి. డైపరు వేసినా తడిశాక ఎక్కువసేపు ఉంచకూడదు, ఎర్రటి పొక్కులు కనబడితే గుడ్డకు మారి ఒళ్లు గాలికి ఆరనివ్వాలి. మా ఇంట్లో లంగోటీలు ఉతకడం నా వంతు, పొద్దున్నే ఉద్యోగానికి వెళ్లేలోపు ముగించేవాణ్ణి. మీవారు జనగామ వచ్చిన రోజుల్లోనైనా ఆ పని అందుకుంటే మీ అమ్మగారికి ఊరట.

వాడిన వస్తువుల గురించి కూడా చెప్పాలి. ఊయల స్టాండు, స్నానపు తొట్టి, తోపుడు బండి వంటివి అపార్టుమెంట్లలో చాలామంది ఊరికే ఇచ్చేస్తారు, నిస్సంకోచంగా తీసుకోండి. కటకటాల మంచం ఇస్తే కమ్మీల మధ్య సందు ఆరు సెంటీమీటర్లకు మించి ఉందేమో కొలిచి చూడండి, అంతకు మించితే బిడ్డ ఒళ్లు జారి తల ఇరుక్కుంటుంది. వాకరును మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా ఇంట్లోకి రానివ్వవద్దు. దానివల్ల నడక ముందుగా రాదు, మెట్లమీదినుంచి పడి తలకు దెబ్బలు తగులుతాయి. కెనడాలో 2004 నుంచి దాని అమ్మకాన్నే నిషేధించారు.

జవాబు: హెల్సింకీ తెలుగమ్మాయి

నేను ఫిన్లాండులో ఉంటున్నాను. ఇక్కడి ప్రభుత్వం ప్రతి గర్భిణికీ బిడ్డ వస్తువుల పెట్టె ఒకటి పంపుతుంది. 1938లో పేద తల్లుల కోసం మొదలైన ఈ పద్ధతిని 1949 నుంచి అందరికీ వర్తింపజేశారు. పెట్టె వద్దనుకుంటే డబ్బు తీసుకోవచ్చు, అయినా మొదటి కాన్పువాళ్లు చాలావరకు పెట్టెనే కోరుకుంటారు. ఇన్నేళ్లుగా ఏది కావాలో, ఏది వద్దో ఆలోచించి సర్దుతున్న పెట్టె కనుక మీ ప్రశ్నకు అది పనికొస్తుందనిపించింది.

అందులో బట్టలు, దుప్పటి, సన్నటి పరుపు, గోళ్లు కత్తిరించే చిన్న కత్తెర, థర్మామీటరు వంటివి ఉంటాయి. పరుపును ఆ అట్టపెట్టెలోనే పరిచి బిడ్డను మొదటి నెలల్లో అందులో పడుకోబెట్టవచ్చు. తల్లిపాలను ప్రోత్సహించాలని సీసాలను, నోటి పీకలను అందులోంచి తీసేశారు. చలిదేశం కనుక మందపాటి ఉన్ని బట్టలు కూడా పెడతారు, అవి మీకు అక్కర్లేదు. ఆ పెట్టెలో దిండు కూడా లేదు. నర్సమ్మగారు చెప్పిన జాబితాకూ దీనికీ ఎంత దగ్గర పోలిక ఉందో చూడండి.

అడిగినవారి మాట: జనగామ ఆడపడుచు

మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీ జవాబులు మా అమ్మకు చదివి వినిపించాను. జరీ అంచు కత్తిరించాలన్న మాట విని, అప్పటికే పక్కన పెట్టిన నాలుగు చీరలు మళ్లీ బయటికి తీసింది. మా ఆయన లంగోటీల బాధ్యత వారాంతాల్లో తనదేనన్నారు. దోమతెర సంగతి ఆశ అక్కను అడిగి తేల్చుకుంటాను, డైపర్లు చిన్న ప్యాకెట్ ఒకటి కొంటాను. మిగిలిన డబ్బును ఆరు నెలలు నిండాక ఉగ్గు మొదలుపెట్టేటప్పటికి, అత్యవసరంగా ఆసుపత్రికి వెళ్లాల్సివస్తే బండి ఖర్చుకు ఉంచుతున్నాం.

రెండు సందేహాలు మిగిలాయి. మా ఇంట్లో దూలానికి చీర ఉయ్యాల కట్టడం అలవాటు, అది మంచిదేనా? థర్మామీటరు ఏ రకం కొనాలి, ఎంత వేడి ఉంటే భయపడాలి?

జవాబు: ఓరుగల్లు నర్సమ్మ

చీర ఉయ్యాలలో బిడ్డ వెన్ను వంగి గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది, దానివల్ల ఊపిరికి అడ్డం పడే ప్రమాదముంది. అందుకని రాత్రంతా నిద్రకు అది వద్దు. పగలు ఏడుపు మాన్పడానికి పెద్దవాళ్లు పక్కనే కూర్చుని కాసేపు ఊపి, నిద్రపట్టగానే కింద పక్కమీదికి మార్చండి. కొక్కెం, తాడు ప్రతిరోజూ లాగి చూడాలి. బిడ్డ బోర్లాపడటం మొదలుపెట్టిన రోజునుంచి పూర్తిగా మానేయాలి.

థర్మామీటరు డిజిటల్‌ది, మెడికల్ షాపులో దొరికే మామూలు రకం చాలు. పాదరసం గాజు గొట్టం వద్దు. చంకలో పెట్టి, చేతిని ఒంటికి ఆనించి పట్టుకుని, బీప్ వచ్చేదాకా ఆగండి. మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ, అంతకు మించి గానీ ఉంటే అది రాత్రయినా సరే తెల్లవారేదాకా చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఇంట్లో ఉన్న చుక్కల మందు వేసి ఆగకూడదు. తక్కువ వేడి కూడా అంతే ముఖ్యం, మన ఇళ్లలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. 97.7 కన్నా తగ్గితే బిడ్డ బట్టలు విప్పి మీ ఛాతీకి చర్మానికి చర్మం తగిలేలా హత్తుకుని, పైన దుప్పటి కప్పుకుని, పాలు పట్టండి. గంటలోపు వేడి పెరగకపోయినా, బిడ్డ మందకొడిగా ఉండి పాలు సరిగా తాగకపోయినా 108కు ఫోన్ చేయండి.