మన బీటెక్‌తో విదేశంలో ఇంజనీరుగా పనిచేయొచ్చా, మళ్లీ చదవాలా?

ప్రశ్న (స్లాబ్‌బీమ్):
సివిల్ బీటెక్ చేసి ఆరేళ్లుగా స్ట్రక్చరల్ డిజైన్‌లోనే ఉన్నాను. ఆస్ట్రేలియా, కెనడా రెండూ చూస్తున్నా. ఒకరేమో డిగ్రీ చెల్లుతుంది, వెళ్లిపో అంటారు, ఇంకొకరు అక్కడ మాస్టర్స్ చేస్తే తప్ప పట్టించుకోరు అంటారు. మాస్టర్స్ అంటే అప్పు చేయాలి, అదే నా టెన్షన్. ఇంజనీరింగ్ డిగ్రీల్ని దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ అకార్డ్‌లో మన దేశం కూడా ఉందిగా, మరి నేరుగా చెల్లాలి కదా? ఈ దారిలో వెళ్లినవాళ్లు చెప్పండి, ఏజెంట్ల మాటలు విని విసిగిపోయాను.

గర్డర్:
అకార్డ్‌లో దేశం ఉండటం వేరు, మీ కోర్సు ఉండటం వేరండీ. 1989లో ఆరు దేశాలు మొదలుపెట్టిన ఒప్పందం అది, మనకి పూర్తి సభ్యత్వం 2014లో వచ్చింది. కానీ మన దగ్గర కోర్సులకి గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ అనే సంస్థ టైర్-1 గుర్తింపు ఉన్న కోర్సులకే వర్తిస్తుంది. టైర్-1 యూనివర్సిటీలకీ అటానమస్ కాలేజీలకీ ఇస్తారు, మామూలు అఫిలియేటెడ్ కాలేజీలు టైర్-2లోకి వస్తాయి, వాటికి అకార్డ్ లేదు. కాబట్టి కాలేజీకి ఎంత పేరున్నా సరే, మీ బ్రాంచికి, మీరు పాసైన సంవత్సరానికి గుర్తింపు ఉందో లేదో ఎన్‌బీఏ సైట్‌లో చూసుకోండి.

లేకపోయినా దారి మూసుకుపోదు. అక్కడ ఇంజనీర్ల అర్హత చూసే ఇంజనీర్స్ ఆస్ట్రేలియా సంస్థకి సీడీఆర్ (మీ సామర్థ్యం చూపించే రిపోర్టు) పెట్టాలి, అందులో మీరు చేసిన పని గురించి మూడు కెరీర్ ఎపిసోడ్లు, ఒక్కోటి 1,000 నుంచి 2,500 పదాలు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ‘మేం ఫ్లైఓవర్ డిజైన్ చేశాం’ అంటే వాళ్లకి ఏమీ చెప్పినట్టు కాదు. ‘గర్డర్ డిఫ్లెక్షన్ పరిమితి దాటుతోంది, అందుకని నేను లోతు పెంచాను, దాంతో పియర్ మీద పెరిగిన బరువుకి ఫౌండేషన్ మళ్లీ లెక్కకట్టాను’ అని రాయాలి, అంటే నిర్ణయం మీదని కనపడాలి. డబ్బులిచ్చి రాయించుకోకండి ప్లీజ్, కాపీ అని తేలితే తిరస్కరించి కొంతకాలం మళ్లీ అప్లై చేయనివ్వరు.

మంచుకోట:
కెనడా సంగతి నేను చెప్తా. వీసాకి ఇచ్చే ఈసీఏ (చదువు మదింపు) రిపోర్టు మీ డిగ్రీ ఏ స్థాయిదో చెప్తుంది, అంతే, దానికీ లైసెన్సుకీ సంబంధం లేదు. పీ.ఇంజ్. (ప్రొఫెషనల్ ఇంజనీర్) లైసెన్సు ఏ ప్రావిన్స్‌కి ఆ ప్రావిన్స్ ఇస్తుంది. అది వచ్చేదాకా లైసెన్సున్న ఇంజనీరు కింద డిజైన్ పని చేయొచ్చు, జీతమూ వస్తుంది, కాకపోతే డ్రాయింగ్ మీద సీల్ ఆయనే వేస్తాడు, మీరు ఇంజనీరు అని పేరు పెట్టుకోకూడదు. ఒకప్పుడు కెనడాలో చేసిన అనుభవం కావాలనేవారు, అంటారియో 2023లో ఆ షరతు తీసేసింది. మీ ఆరేళ్లకి ఇప్పుడు విలువ ఉంది, లైసెన్సు కోసమే అయితే అప్పు చేసి మాస్టర్స్ వద్దంటాను.

టర్బైన్:
నాది మెకానికల్, జర్మనీ. వాళ్లు ఆ అకార్డ్‌లోనే లేరు. అనాబిన్ అనే విదేశీ డిగ్రీల డేటాబేస్‌లో యూనివర్సిటీ, డిగ్రీ చూస్తారు, డిగ్రీ అందులో లేకపోతే జడ్‌ఏబీ (ZAB) అనే సంస్థ దగ్గర సమానత్వ పత్రం తీసుకోవాలి. కంపెనీలో డిజైన్ ఉద్యోగానికి లైసెన్సు అడగరు.

స్లాబ్‌బీమ్:
చూశాను, మా బ్యాచ్‌కి టైర్-1 లేదు. ఇంకో చిక్కు, నా మొదటి కంపెనీ మూతపడింది. ఆ మూడేళ్ల అనుభవానికి సంతకం ఎవరు పెడతారు?

మంచుకోట:
కంపెనీ పోయినా మనుషులున్నారుగా. మీ లెక్కలు చెక్ చేసిన సీనియర్ ఇంజనీరు ఎక్కడున్నా వెతికి పట్టుకోండి. అన్నిటికంటే ముందు ఆ పనే చేయండి, ఆలస్యమైతే ఆయనకి మీరు గుర్తున్నా మీరు చేసిన పని గుర్తుండదు. ఏ ప్రాజెక్టులో ఏ భాగం మీదో ఒక పేజీ రాసి పంపండి. జీతం స్లిప్పులు, ఫామ్ 16, ఆఫర్ లెటర్ దొరికినవన్నీ స్కాన్ చేసి పెట్టుకోండి.

గర్డర్:
సీడీఆర్‌కీ అవే కాగితాలు పనికొస్తాయి. ఆయన దొరికాక పాత డ్రాయింగ్ నంబర్లు కూడా అడగండి, ఎపిసోడ్ రాసేటప్పుడు కావాలి.