నాన్నని బతికించిన మందు గుర్రం రక్తం నుంచి తీస్తారట. ఇది సబబేనా?

దివిసీమ_పిల్ల:
పోయిన నెల మా నాన్నని చేలో రక్తపింజర కరిచింది. గట్టు మీద గడ్డి కోస్తుంటే మడమకి కాస్త పైన పట్టింది. ఆస్పత్రికి చేరేసరికి చిగుళ్లలోంచి రక్తం వస్తోంది. నర్సు కొంచెం రక్తం తీసి గాజు గొట్టంలో పోసి, ఎవరూ కదపొద్దని చెప్పి బల్ల మీద పెట్టింది. ఇరవై నిమిషాలాగి వంచితే నీళ్లలా జారిపోయింది, గడ్డ కట్టలేదు. వెంటనే పాము విషానికి విరుగుడు మందు (యాంటీవెనం) పది వయల్స్, అంటే పది చిన్న సీసాలు, ఎక్కించారు, ఆరు గంటలకి మళ్లీ అదే పరీక్ష చేసి ఇంకో పది. ఇప్పుడు బాగానే ఉన్నారు, కాలు వాపు మాత్రం ఇంకా ఉంది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఖాళీ అట్టపెట్టె మీద రాసింది చదువుతుంటే 'ఈక్వైన్' అని కనపడింది. వెతికితే గుర్రాలట! నేను ఎనిమిదేళ్లుగా మాంసం ముట్టను, జంతువుల మీద పరీక్షించిన షాంపూ కొననని ఇంట్లో అందరితో గొడవ పడ్డదాన్ని. ఆ రోజు మాత్రం ఒక్క మాట అనలేదు సరికదా, ఇంకో పది ఎక్కించండి అని డాక్టరుని బతిమాలింది నేనే. అసలు ఆ గుర్రాలని ఏం చేస్తారు? వేరే దారి లేదా? తెలిసినవాళ్లు చెప్పండి. దయచేసి క్లాసు పీకొద్దు.

చేనుగట్టు:
నాన్నగారు లేచి తిరుగుతున్నారు కదా, అది చాలమ్మా. 2000 నుంచి 2019 దాకా వేసిన అంచనా ప్రకారం మన దేశంలో పాముకాటుకి ఏటా సుమారు 58 వేల మంది పోతున్నారు, ఎక్కువమంది మనలాంటి పల్లెటూరి వాళ్లే. మా బాబాయిని కట్లపాము కరిస్తే మంత్రం వేయించడానికి తీసుకెళ్లారు. ఏ గుర్రానికీ నొప్పి కలగలేదు, బాబాయి తెల్లారేసరికి పోయాడు. ఇంతకంటే నాకు చెప్పడం రాదు.

సీరం_పాతకాపు:
నేను ఈ మందు తయారుచేసే ఒక యూనిట్‌లో ఆరేళ్లు పనిచేశాను, పేరు అడక్కండి. తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషం గుర్రానికి చర్మం కింద చాలా కొద్దికొద్దిగా ఇస్తారు, వారాల తరబడి మోతాదు పెంచుకుంటూ పోతారు. గుర్రం చావదు, కానీ సూది వేసినచోట వాపులు వస్తాయి, ఒక్కోసారి చీము పడుతుంది. ఒంట్లో యాంటీబాడీలు, అంటే విషాన్ని పట్టి విరిచే ప్రోటీన్లు, బాగా తయారయ్యాక మెడ నరంలోంచి లీటర్ల లెక్కన రక్తం తీస్తారు. పద్ధతిగా చేసేచోట ఎర్రకణాలు వేరుచేసి మళ్లీ దానికే ఎక్కిస్తారు, ప్లాస్మా, అంటే కణాలు తీసేయగా మిగిలే ద్రవం, మాత్రమే మందుకి వెళ్తుంది. మా దగ్గర ముసలి గుర్రం ఒకటి ఉండేది, తెల్లకోటు కనపడితే చాలు షెడ్డులో ఆ చివరికి పోయి గోడవైపు తిరిగి నిలబడేది. నేను కోటు విప్పేసి బెల్లంముక్క పట్టుకుని వెళ్తే తనే దగ్గరికి వచ్చేది. ఇప్పటికీ అది గుర్తొస్తే మనసు బాగోదు.

అయితే ఒకటి. గుర్రాల గురించి అందరూ అడుగుతారు, ఎలుకల గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. బ్యాచ్ తయారయ్యాక దానికి పవర్ ఉందో లేదో తేల్చేది చిట్టెలుకలే. ఒక మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని విరవాలని రూలు. విషం, మందు కలిపి తోక నరంలోకి ఎక్కించి ఎన్ని బతికాయో లెక్కపెడతారు. నాలుగు విషాలకీ విడివిడిగా, ప్రతి బ్యాచ్‌కీ. గుర్రం ఏళ్ల తరబడి బతుకుతుంది, వీటికి మాత్రం ఆ ఒక్క రోజే. మీ నాన్నగారికి ఎక్కిన ఇరవై వయల్స్ వెనకాల అవి కూడా ఉన్నాయి.

పీహెచ్‌డీ_నాలుగో_ఏడు:
ముందు షాంపూ సంగతి. మన దేశంలో 2014 నుంచి కాస్మెటిక్స్‌ని జంతువుల మీద పరీక్షించడం నిషేధం, అలా పరీక్షించినవి బయటి నుంచి తెచ్చుకోవడమూ కుదరదు. అక్కడ మీతో నాకు పేచీ లేదు, షాంపూ లేకపోయినా ఎవరూ చావరు. దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టకండి.

జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపడానికి చేసిన మన 1960 చట్టంలోనే ఉంది, ప్రయోగం తప్పించుకోగలిగినచోట తప్పించాలని. కాబట్టి తప్పించగలమా అన్నదే ప్రశ్న. 2024లో బెంగళూరులోని ఐఐఎస్‌సీ, అమెరికాలోని స్క్రిప్స్ అనే పరిశోధన సంస్థల వాళ్లు కలిసి ల్యాబ్‌లో తయారుచేసిన ఒక యాంటీబాడీ గురించి ప్రచురించారు, తాచు, కట్లపాముల విషంలో ఉండే ఒకరకం టాక్సిన్ల (విష పదార్థాల) మీద పనిచేస్తుంది. గుర్రం అక్కర్లేదు. కానీ పింజర విషం పూర్తిగా వేరు, రక్తం మీద దెబ్బ కొడుతుంది, దానికి ఇది పనికిరాదు. పైగా ఇది పనిచేస్తుందని తేల్చింది కూడా ఎలుకల మీదే.

ఈలోగా చేయగలిగింది ఒకటుంది. మందుకి వాడే విషం చాలావరకు తమిళనాడులో పాములు పట్టే ఇరుళ తెగవాళ్ల సహకార సంఘం తీసేదే. అదే జాతి పాము అయినా ఊరు మారితే విషం మారుతుంది, అందుకే కొన్నిచోట్ల మందు సరిగా పట్టక వయల్స్ మీద వయల్స్ పోతాయి. ఏ ప్రాంతం పాముకి ఆ ప్రాంతం మందు వస్తే పది వయల్స్ పని ఐదుతో అవ్వచ్చు, ఆ మేరకు గుర్రం రక్తమూ తగ్గుతుంది. జంతువుల కోసం ఏమైనా అడగాలనుకుంటే అది అడగండి.

సీరం_పాతకాపు:
పీహెచ్‌డీ బాబూ, మందు ఐదు రకాలైతే ఐదు రకాలకీ బ్యాచ్ టెస్టులు వేరుగా చేయాలి. గుర్రాలు తగ్గుతాయి, ఎలుకలు పెరుగుతాయి. అది కూడా లెక్కలో వేసుకో.

పీహెచ్‌డీ_నాలుగో_ఏడు:
నిజమే, నాకు తట్టలేదు.

దివిసీమ_పిల్ల:
ఇదంతా రాత్రి నాన్నకి చదివి వినిపించాను. గుర్రం గోడవైపు తిరిగి నిలబడేదన్న చోట మళ్లీ చదవమన్నారు. ఎలుకల దగ్గరికి వచ్చేసరికి నవ్వేశారు. కరిచిన ముందురోజే ఆ గట్టు మీద బొరియలన్నిటిలో ఎలకల మందు పెట్టి వచ్చారట. ఎలుకలున్న చోటికేగా పాము వచ్చేది, ఇంకా ముందే పెట్టి ఉంటే ఈ గొడవంతా లేకపోను అంటున్నారు. ఏమనాలో తెలియలేదు. ఇప్పుడైతే డ్రెస్సింగ్ మార్చే టైమైంది, మళ్లీ వస్తాను.