జఫరాబాద్ పైసా ఒక్కటే మిగిలింది, చేలో దొరికినదాన్ని కొనొచ్చా?

గుత్తికోట (అనంతపురం)

అందరికీ నమస్తే. నా సేకరణ సంగతి పాతవాళ్ళకు తెలుసు, కొత్తవాళ్ళ కోసం రెండు మాటలు. దేశదేశాల నాణేలు పోగు చేయడం నాకు ఇష్టం లేదు, మన సీమ టంకశాలల్లో పడినవే కావాలి. 1688లో ఆదోని ఔరంగజేబు చేతికి వచ్చాక దాన్ని ఇంతియాజ్‌గఢ్ అన్నారు, ఆ పేరుతోనే వెండి రూపాయలు కొట్టించారు. కర్నూలుది కమర్‌నగర్ టంకశాల. టిప్పు సుల్తాన్ మన గుత్తికి ఫైజ్ హిసార్ అని, గుర్రంకొండకు జఫరాబాద్ అని పేర్లు పెట్టి ఏనుగు బొమ్మ రాగి పైసాలు వేయించాడు. నాలుగు చోట్లవి ఒక్కొక్కటి చొప్పున ఉండాలన్నది నా కోరిక. మూడు ఉన్నాయి, జఫరాబాద్ లేదు.

టిప్పు పాలించిందే 1782 నుంచి 1799 దాకా, ఇక నాణేలు ఎన్నని పడి ఉంటాయి! గుత్తివి అప్పుడప్పుడు వేలాల్లో కనిపిస్తాయి కానీ గుర్రంకొండవి నా కంట పడటమే అరుదు. బెంగళూరు ప్రదర్శనల్లో అడిగాను, హైదరాబాద్ డీలర్లకు చెప్పి పెట్టాను, పాత సామాన్ల అంగళ్ళలో రాగి చెంబులు కదిలించి చూశాను.

ఇప్పుడు తుగ్గలి వైపు నుంచి ఒకాయన ఫోటో పంపాడు. తొలకరి వానలు పడగానే అక్కడ వజ్రాల కోసం జనం చేలల్లో తిరుగుతారు కదా, అట్లా తిరిగినప్పుడు దొరికిందట. నాకు చదవడం వచ్చినంతలో జఫరాబాదే. ఆరు వేలు అడుగుతున్నాడు. దాంతో పాటు ఇంకొన్ని రాగి బిళ్ళలు కూడా ఉన్నాయట, నాకు వద్దంటే వేరేవాళ్ళకు ఇచ్చేస్తాడట. కొనాలా వద్దా? డబ్బు సంగతి కాదు నేను అడిగేది, ఇట్లా వచ్చినదాన్ని తీసుకోవడం సరైనదేనా అని.

బురుజుసెంటర్ (కర్నూలు)

కొనేయన్నా, ఇందులో ఆలోచించడానికి ఏముంది. నువ్వు వద్దంటే అది ఎక్కడికి పోతుందో చెప్పనా, పాత సామాన్లాయన తక్కెడలోకి. రాగి కిలో ఇంత అని తూకం వేసి తీసుకుపోతారు, కరిగిస్తారు, అక్కడితో టిప్పూ లేడు గుర్రంకొండా లేదు. నువ్వు కొంటే కనీసం తూచి, ఫోటో తీసి ఇక్కడ పెడతావు, పది మందిమి చూస్తాం. ప్రభుత్వానికి అప్పగిస్తే ట్రెజరీలో సంచి కట్టి పెడతారు, ఆ సంచి మళ్ళీ ఎప్పుడు విప్పుతారో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళు వెతికినవాడివి, చేతికి అందినప్పుడు వదిలేస్తే మళ్ళీ దొరుకుతుందన్న నమ్మకం ఉందా?

పెన్నఒడ్డు (కడప)

బురుజు తమ్ముడు చెప్పినదాంతో నేను అస్సలు ఒప్పుకోను. కరిగిపోతుందన్న భయం నిజమే, కానీ ఆ భయం చూపించి ఎంతమంది ఎన్ని కొన్నారో మనందరికీ తెలుసు. కొనేవాడు ఉన్నాడని తెలిసినప్పుడే కదా గడ్డపారలు బయటికి వచ్చేది. గుప్తనిధుల కోసం మన సీమలో పాత గుళ్ళు, కోట గోడలు ఏ గతి పట్టాయో చూస్తూనే ఉన్నాం. గుత్తి కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నా అక్కడక్కడ గుంతలు కనిపిస్తాయి.

చట్టం సంగతి కూడా చెప్తాను. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాచిన సొత్తు దొరికి దాని విలువ పది రూపాయలు దాటితే ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఎప్పుడు అన్నది కలెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే దొరికినవాడికి ఏడాది దాకా జైలు పడొచ్చు. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది, వజ్రాలు వెతికేవాళ్ళు తిరిగేది చాలావరకు పక్కవాళ్ళ చేలల్లో. ఆ చేను ఎవరిది? ఆయనకు ఈ సంగతి తెలుసా? గుత్తికోట తమ్ముడూ, ఇది అడిగావా?

సేద్యగాడు (ఉరవకొండ)

అక్కా, మీరు చట్టం చెప్పారు, రైతు గోడు నేను చెప్తాను. అదే చట్టం కింద ప్రభుత్వం ఆ వస్తువు తనకే కావాలని తీసుకుంటే లోహం విలువ, దానిమీద ఇంకో ఐదో వంతు కలిపి ఇస్తే చాలు. బంగారమైతే సరే, రాగి పైసాకు లోహం విలువ ఎంత? టీ ఖర్చులకు కూడా రాదు. దానికోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి, ఊళ్ళో ఫలానావాడికి లంకెబిందెలు దొరికాయట అని పుకారు లేస్తుంది, రాత్రిపూట చేలో ఎవరెవరో తవ్వుతుంటారు, పోలీసులు వచ్చి ఇంకేం దాచావని అడుగుతారు. మాకు తెలిసిన ఒక కుటుంబం ఈ పుకారుతోనే నలిగిపోయింది, దొరికింది మాత్రం చిల్లర కాసులే. ఇంత టెన్షన్ ఎందుకని ఎవరైనా గమ్మున జేబులో వేసుకుంటారు. దొరికినవాణ్ణి దొంగను చూసినట్టు చూడొద్దండి.

ఇంకొకటి. నాగలికి తగిలి విడిగా పైకి వచ్చిన ఒక్క పైసా ఎవరో దాచింది కాదు, ఎవరిదో జారిపోయింది. దాన్నీ నిధి అంటే ఎట్లా?

పాతమాస్టారు (ప్రొద్దుటూరు)

అందరూ నీతి దగ్గరికి వెళ్ళిపోయారు, అసలు అది నిజమైన నాణెమో కాదో ఎవరూ అడగలేదు. ఏనుగు పైసాలకు నకిలీలు విపరీతం. బంగారు అంగళ్ళ ఊళ్ళో ఉన్నవాణ్ణి, పోత పని ఎంత సులువో రోజూ చూస్తాను. టిప్పు పైసా ముద్ర కొట్టింది, పోత పోసింది కాదు. అంచు చుట్టూ గోరు తిప్పితే సన్నటి గీత తగిలితే అది రెండు అచ్చుల మధ్య పోసినది. భూతద్దం పెట్టి చూడండి, గాలి బుడగల గుంటలు ఉంటే వదిలేయండి. పైసా సుమారు 11 గ్రాములు తూగాలి, అరిగిపోతే కొంచెం తక్కువ.

తేదీ ఇంకా ముఖ్యం. 1787 నుంచి టిప్పు హిజ్రీ వదిలి మౌలూదీ (ప్రవక్త పుట్టుక నుంచి లెక్కించే) సంవత్సరాలు వేయించాడు, ఆ అంకెలను కుడి నుంచి ఎడమకు చదవాలి. అంటే 1215 మన కంటికి 5121 లాగా కనిపిస్తుంది. అవి 1215తో మొదలై 1227తో ఆగిపోతాయి. నకిలీలు చేసేవాళ్ళు చాలామంది ఇక్కడే దొరికిపోతారు. తోక ఎత్తి ఉందా దించి ఉందా, ఏనుగు ఏ వైపు చూస్తోంది, ఇవన్నీ తర్వాత. ఫోటోలో టంకశాల పేరు సగమే కనిపిస్తే జఫరాబాద్ అని ఇప్పుడే అనుకోవద్దు.

అన్నిటికన్నా ముందు వాళ్ళకు ఫోన్ చేసి చింతపండు పెట్టి తోమవద్దని చెప్పండి. ఆ పచ్చటి పొర ఒకసారి పోతే మళ్ళీ రాదు.

గుత్తికోట (అనంతపురం)

మాస్టారూ, మీ మాట చదవగానే ఫోన్ చేశాను. రెండు బిళ్ళలు ఇప్పటికే తోమేశారు, మిగతావి అట్లాగే ఉంచమన్నాను. ఈ పైసా మీద తేదీ బాగానే కనిపిస్తోంది, మీరు చెప్పినట్టు వెనకనుంచి చదివితే 1218 వచ్చింది. అంచు కొత్త ఫోటోలో గీత లేదు. బరువు అక్కడి అంగట్లో తూయించమన్నాను.

చేను సంగతి అడిగాను అక్కా. ఆయనది కాదు. చేను రైతుకు ఇంకా చెప్పలేదట. ఇంకో సంగతి కూడా తెలిసింది, అన్నీ ఒక్క చోటే దొరికాయి, మట్టి కుండ పెంకులు కూడా ఉన్నాయట.

బురుజుసెంటర్ (కర్నూలు)

కుండ పెంకులు ఉంటే ఉండనీ అన్నా. బయటికి వచ్చేశాయి కదా, మళ్ళీ పాతిపెట్టలేం. మ్యూజియాల్లో, పాత రాజకుటుంబాల పెట్టెల్లో ఉన్న నాణేలన్నీ ఎవరో ఒకరు ఎక్కడో తవ్వినవే, అప్పుడు ఎవరూ అర్జీలు పెట్టలేదు. నాణేల గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఇట్లాంటి సేకర్తలు దాచిపెట్టి, చదివి, రాసి ఇచ్చిందే. వాళ్ళు లేకపోతే జఫరాబాద్ అంటే గుర్రంకొండ అని మనకు ఎవరు చెప్పేవాళ్ళు? సేకర్త చేతిలో ఉన్నది పోదు, నేను చూసినంతలో ఆఫీసు బీరువాలో ఉన్నదానికే దిక్కు లేదు.

పెన్నఒడ్డు (కడప)

కుండ అనగానే నాకు గుండె ఆగినంత పనైంది. తమ్ముడూ, ఇప్పుడు ఇది నీ ఆల్బమ్‌లో ఖాళీ గడి సంగతి కాదు.

ఆలోచించు. గుర్రంకొండ 1911 దాకా మా కడప జిల్లాలో ఉన్న ఊరు. అక్కడ పడిన పైసా తుగ్గలి చేల దాకా ఎట్లా పోయింది? సంతకు పోయిన బేహారి మూటలోనా, సిపాయి జీతంలోనా? ఆ పైసా ఒక్కదాన్నే చూస్తే ఎప్పటికీ తెలియదు. పక్కన ఏమున్నాయో చూస్తే తెలుస్తుంది. ఆ కుండలో అన్నిటికన్నా ఆలస్యపు తేదీ ఏదో, కుండను ఆ తర్వాతే పాతారు. అన్నీ టిప్పువే ఉంటే యుద్ధాల కాలంలో దాచి ఉండొచ్చు. వాటి మధ్య 1803 అనో 1808 అనో తేదీ ఉన్న ఈస్టిండియా కంపెనీవాళ్ళ పది కాసుల, ఇరవై కాసుల బిళ్ళ ఒక్కటి కనిపించినా కథ మారిపోతుంది. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి ఇచ్చేశాక కూడా మన పల్లెల్లో టిప్పు పైసాను జనం దాచుకుంటూనే ఉన్నారని దానికి అర్థం. దత్త మండలాల్లో చిల్లర ఎట్లా నడిచిందో చెప్పే సాక్ష్యం అది. గుత్తివి ఎన్ని, గుర్రంకొండవి ఎన్ని, శ్రీరంగపట్నానివి ఎన్ని అని లెక్క పెట్టినా చాలు, ఏ ఊరి డబ్బు ఎంత దూరం పోయేదో తెలుస్తుంది.

నువ్వు నీకు లేనిది ఒకటి ఏరుకుంటావు. ఇంకొకాయన తనకు లేని గుత్తిది తీసుకుంటాడు. మిగిలినవి బురుజు తమ్ముడు చెప్పిన తక్కెడలోకే పోతాయి. చివరికి నలుగురి ఆల్బమ్‌లు నిండుతాయి, కుండ మాత్రం లేకుండా పోతుంది.

ఆ కంపెనీ బిళ్ళలదే ఒక ఉదాహరణ. మద్రాసుకు రావాల్సిన రాగి కాసులతో బయల్దేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరంలో, గుడ్‌విన్ ఇసుక దిబ్బల దగ్గర మునిగింది. తర్వాత వాటిని పైకి తీశారు. ఈ రోజు చిన్న సేకర్త కూడా ఆ కాసు చేతిలో పట్టుకుని ఇది ఫలానా ఓడలోది, ఫలానా ఏడాది మునిగింది అని చెప్పగలడు. చోటు తెలుసు కాబట్టే ఆ మాట అనగలుగుతున్నాడు. నీ జఫరాబాద్ గురించి రేపు నీ పిల్లలు అడిగితే ఏం చెప్తావు, వాట్సాప్‌లో ఎవరో పంపారని చెప్తావా?

సేద్యగాడు తమ్ముడి మాటలో న్యాయం ఉంది, కాదనను. లోహం ధర కట్టే పద్ధతి రైతుకు అన్యాయం, అది మారాలి. కానీ ప్రభుత్వం ప్రతిదీ తీసుకోదు. సొంతదారులెవరూ తేలక, ప్రభుత్వం కూడా వద్దనుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి ముప్పావు వంతు, చేను సొంతదారుకు పావు వంతు అని అదే చట్టంలో ఉంది. అప్పుడు కావాలంటే దర్జాగా, కాగితంతో సహా కొనుక్కో. అంతదాకా గడి ఖాళీగా ఉంటే వచ్చే నష్టం ఏమీ లేదు.

సేద్యగాడు (ఉరవకొండ)

కుండ అని తెలిశాక నేనూ మాట మార్చుకుంటున్నాను. ఇది జారిపోయిన పైసా కాదు, దాచిన సొత్తే. చేను రైతుకు చెప్పకుండా అమ్మడం మాత్రం తప్పు, ఎట్లా చూసినా తప్పు. అయితే దొరికినాయన్ను కూడా భయపెట్టొద్దు. భయపెడితే రాత్రికి రాత్రే అన్నీ మాయమైపోతాయి. ముందు రైతును, ఆయన్ను ఒకచోట కూర్చోబెట్టండి. వాటాల మాట ముందే తేలిపోతే అర్జీ పెట్టడానికి ఇద్దరూ ముందుకొస్తారు.

బురుజుసెంటర్ (కర్నూలు)

నా అభిప్రాయం మారలేదు. అర్జీ పెట్టిన తర్వాత ఏళ్ళ తరబడి ఏ కబురూ లేకపోతే అప్పుడు ఈ చర్చ మళ్ళీ తెరుస్తాను. కానీ కుండ విడిపోకూడదన్న మాట వరకు అక్కతో ఒప్పుకుంటాను. ఇవ్వడానికి ముందు ఒక్కో బిళ్ళకు రెండు వైపులా స్కేలు పెట్టి ఫోటో, బరువు, అన్నీ రాసి పెట్టుకో అన్నా. ఆఫీసు బీరువాలో పోయినా మన దగ్గర లెక్క ఉంటుంది. నా దగ్గర చిన్న తూకం మిషన్ ఉంది, పాయింట్ తర్వాత రెండు అంకెలు చూపిస్తుంది, కావాలంటే పట్టుకొస్తా.

పాతమాస్టారు (ప్రొద్దుటూరు)

కుండ పెంకులు కూడా పారేయొద్దని చెప్పండి. దొరికిన చోట సెల్‌ఫోన్‌తో లొకేషన్ తీసి పెట్టుకోండి, కానీ దాన్ని ఇక్కడ మాత్రం పెట్టొద్దు. పెట్టారంటే తెల్లారేసరికి గడ్డపారలు దిగుతాయి.

గుత్తికోట (అనంతపురం)

ఇప్పుడే మాట్లాడాను. ఆరు వేలకు కొననని, అన్నీ కలిపి అధికారికంగా అప్పగిస్తే అర్జీ నేనే రాసి పెడతానని చెప్పాను. మొదట కోపం వచ్చింది ఆయనకు. ముప్పావు వంతు మాట చెప్పాక కొంచెం మెత్తబడ్డాడు, చేను రైతు దగ్గరికి రావడానికి ఒప్పుకున్నాడు. ఈలోగా ఇంకొకరు ఎక్కువ ధర చెప్తే ఏం చేస్తాడో నాకు తెలియదు, అందుకే ఆలస్యం చేయదల్చుకోలేదు. సోమవారం తుగ్గలి పోతున్నా. బురుజు తమ్ముడూ, తూకం మిషన్ తీసుకుని రాగలవా? కర్నూలు నుంచి నువ్వు, ఇటునుంచి నేను, పదింటికల్లా అక్కడ కలుద్దాం.

బురుజుసెంటర్ (కర్నూలు)

వస్తానన్నా. రైతును పట్టాదారు పాస్‌బుక్ జిరాక్స్, ఇద్దరినీ ఆధార్ జిరాక్స్‌లు రెండేసి తెచ్చుకోమను. కలెక్టర్‌కు అర్జీ మూడు కాపీలు రాయి, ఒకదాని మీద తహసీల్దార్ ఆఫీసులో ముద్ర వేయించుకుని మన దగ్గరే ఉంచుకుందాం.