నల్లజాతి స్నేహితుణ్ణి మన ఆరాధనకి తీసుకెళ్తే... ఏం చేయాలో చెప్పండి

ప్రశ్న (డాలస్, విద్యార్థి)

అందరికీ వందనాలు. మాస్టర్స్ కోసం ఆగస్టులో వచ్చాను. పోయిన ఆదివారం మా ల్యాబ్‌లో నాతోపాటు చదివే నల్లజాతి అబ్బాయిని తెలుగు ఫెలోషిప్‌కి తీసుకెళ్లాను. వాడూ విశ్వాసే, వాళ్లది బాప్టిస్టు కుటుంబం. ఆరాధన అయ్యాక భోజనాల లైన్‌లో నిలబడ్డాం. వెనక నుంచి ఒక అంకుల్ తెలుగులో, "ఈ నల్లోళ్లని ఇక్కడిదాకా ఎందుకు తెచ్చావ్? ఆడపిల్లలున్న చోటు, చూసుకోవాలి కదా" అన్నారు. పక్కన ఇద్దరు నవ్వారు. మావాడు పేపర్ ప్లేటు పట్టుకుని, "ఏమంటున్నారాయన?" అని అడిగాడు. "నిన్ను ముందు వడ్డించుకోమంటున్నారు" అని అబద్ధం చెప్పాను. వాడు వెనక్కి తిరిగి అంకుల్‌కి థాంక్స్ చెప్పాడు.

అప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు. పాస్టర్‌గారికి చెబితే, "పరాయి దేశంలో ఉన్నాం, రాజకీయాలు మనకొద్దు, ప్రార్థన చేసుకో" అన్నారు. జనవరిలో, నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ పేరిట జరిపే కింగ్ డే నాడు వాళ్ల చర్చివాళ్లు మార్చ్‌కి వెళ్తున్నారట, నన్నూ రమ్మన్నాడు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాణ్ణి, వెళ్లొచ్చా?

జవాబు (హ్యూస్టన్, నర్సు, వచ్చి 19 ఏళ్లు)

తమ్ముడూ, మార్చ్ సంగతి తర్వాత. ముందు ఆ భోజనాల లైన్ సంగతి చూద్దాం. గలతీ పత్రిక 2వ అధ్యాయం తియ్యి. అంతియొకయలో పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి భోంచేసేవాడు. యాకోబు దగ్గర నుంచి కొందరు యూదులు వచ్చేసరికి భయపడి పక్కకి తప్పుకున్నాడు. ఆయన్ని చూసి బర్నబా కూడా. పౌలు "పెద్దాయన కదా" అని ఊరుకోలేదు, అందరి ఎదుట నిలదీశాడు. ఎవరి పక్కన కూర్చుని తింటున్నామన్నది కూడా ఆయనకి సువార్త విషయమే. అపొస్తలుల కార్యములు 6లో సణుగుడు పుట్టిందీ వడ్డన దగ్గరే. గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాండ్రని రోజువారీ పంపకంలో పట్టించుకోవట్లేదని. అపొస్తలులు దాన్ని రాజకీయం అనలేదు. ఏడుగురిని ఏర్పరిచారు, ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే.

మీ పాస్టర్‌గారి మాట ఈ దేశంలో పాతదే. 1963 ఏప్రిల్‌లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో, జాతివివక్షకి వ్యతిరేకంగా ప్రదర్శన చేసినందుకు కింగ్‌గారిని జైల్లో పెట్టినప్పుడు, 8 మంది తెల్లజాతి మతపెద్దలు ఆ ప్రదర్శనలు తగవంటూ ప్రకటన ఇచ్చారు. ఆయన జైలు నుంచే జవాబు రాశారు. నల్లవాళ్ల స్వేచ్ఛకి పెద్ద అడ్డు నల్లవాళ్లపై దాడులు చేసే కు క్లక్స్ క్లాన్ ముఠా కూడా కాదేమో, న్యాయం కన్నా ప్రశాంతతే కావాలనే తెల్లజాతి మితవాదేనేమో అని అందులో వాపోయారు. అదే ఊళ్లో అదే ఏడాది సెప్టెంబరు 15న, ఆదివారం, 16వ వీధి బాప్టిస్టు చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు.

మన అంకుల్స్‌కి ఇంకో విషయం కూడా గుర్తుచెయ్యి. 1946 నుంచి భారతీయులకి ఇక్కడికి వలస రావడానికి ఇచ్చిన కోటా ఏడాదికి 100 మందికే. పుట్టిన దేశాన్ని బట్టి తూచే ఆ పాత కోటాల్ని తీసేసింది 1965 చట్టం. పౌరహక్కుల ఉద్యమం దేశాన్ని కదిలించిన రోజుల్లోనే అది వచ్చింది. మనం వచ్చిన దారి వేసినవాళ్లలో నీ స్నేహితుడి తాతముత్తాతలున్నారు.

నేనూ నోరు మూసుకున్నదాన్నే. వచ్చిన కొత్తలో ఒక పేషెంటు నల్లజాతి నర్సు వద్దంటే, ఆమెని మార్చి నన్ను వేశారు. ఆమె నాకు ఒక్కో మందూ, పేషెంటు నీళ్లలో ఐసు వద్దంటాడన్న సంగతితో సహా, ఓపిగ్గా అప్పజెప్పి వెళ్లింది. నేను తలూపాను, అంతే. షిఫ్టు అయ్యాక పార్కింగ్‌లో, "వాళ్లని ఏమీ అనక్కర్లేదు, నన్ను ఒక్కమాట పలకరించి ఉంటే బాగుండేది" అంది. అందుకే చెబుతున్నా, ముందు నీ స్నేహితుడికి నిజం చెప్పు.

జవాబు (ఆస్టిన్)

వీసా గురించి నేను చెప్తాను. శాంతియుతంగా నిరసన తెలిపే హక్కు రాజ్యాంగం సిటిజన్లకి మాత్రమే ఇచ్చింది కాదు. కానీ మనకి రిస్కు ఎక్కువ, దాచను. 2025లో నిరసనల్లో పాల్గొన్న కొందరు విద్యార్థుల వీసాలు రద్దు చేశారు. అరెస్టయితే, కేసు కొట్టేసినా, వీసా దగ్గర ప్రశ్నలొస్తాయి. వెళ్లేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడు, కొన్ని యూనివర్సిటీల్లో విద్యార్థులకి ఉచితంగా దొరుకుతారు. పర్మిట్ ఉన్న మార్చ్‌కే వెళ్లు, పోలీసులు చెదిరిపొమ్మంటే వెంటనే కదులు.

రేపు ఉద్యోగంలో నీకే ఇలాంటిది ఎదురైతే ఒకటి గుర్తుపెట్టుకో. 1964 పౌరహక్కుల చట్టం కింద, ఉద్యోగాల్లో వివక్ష కేసులు చూసే ఫెడరల్ సంస్థ ఈఈఓసీలో ఫిర్యాదుకి గడువు 180 రోజులు, రాష్ట్రంలో కూడా అలాంటి ఏజెన్సీ ఉంటే 300. తేదీలు, అన్న మాటలు అదే రోజు రాసిపెట్టుకో.

జవాబు (సంఘ పెద్ద, అట్లాంటా)

బాబూ, పెద్దవాణ్ణి కాబట్టి ఒక మాట. మత్తయి 18:15 ప్రకారం ముందు ఆ మాట అన్నాయన దగ్గరికి ఒంటరిగా వెళ్లు. పదిమందిలో నిలదీస్తే మనిషి మొండికేస్తాడు. ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపమన్నాడు ప్రభువు.

జవాబు (హ్యూస్టన్)

అంకుల్, ఒంటరిగా వెళ్లమన్నారు, దానికి నేనూ ఒప్పుకుంటాను. కానీ దెబ్బ తిన్నది ఈ అబ్బాయి చెంప కాదు, పక్కవాడిది. పక్కవాడి చెంప చూపించే హక్కు మనకి లేదు. పైగా ప్రధానయాజకుడి ఇంట్లో బంట్రోతు కొట్టినప్పుడు ప్రభువు కూడా "నన్నెందుకు కొడుతున్నావు?" అని అడిగాడు, యోహాను 18:23. తమ్ముడూ, ఆ నవ్విన ఇద్దరినీ మర్చిపోకు. ఆ మాట అన్నాయన వినకపోతే, పెద్దాయన చెప్పిన మత్తయి 18లోనే తర్వాతి వచనం ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లమంటుంది. డాలస్‌లో నా చెల్లెలు ఉంది, తోడొస్తుంది.

జవాబు (డాలస్, విద్యార్థి)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ల్యాబ్‌లో వాడికి నిజం చెప్పాను. ఏమీ అనలేదు. ల్యాప్‌టాప్ మూసి బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఈరోజు అసైన్‌మెంటు గురించి మాత్రం మాట్లాడాడు. మార్చ్ ఊసెత్తే ధైర్యం నాకు రాలేదు. అంకుల్‌కి ఫోన్ చేశాను, శనివారం సాయంత్రం ఇంటికి రమ్మన్నారు. అక్కా, ముందు ఒక్కణ్ణే వెళ్తాను. 6 గంటలకి నాకోసం ప్రార్థన చేయండి.